ఆరు గంటల గడి

మార్చి పద్నాలుగో తేదీ ఉదయం నేను రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు, సగం అరటిపండు తిన్నాను. తేదీ గుర్తుండిపోవడానికి కారణం, ఆ తరవాత దాన్ని చాలా కాగితాల మీద నా చేత్తోనే రాయవలసి రావడం. తిన్నది గుర్తుండిపోవడానికి కారణం, దాన్ని తీరిగ్గా తినడం. గుడ్డు పెంకు విరగకుండా ఎంత పెద్ద ముక్కగా వస్తుందో చూద్దామని జాగ్రత్తగా ఒలిచాను కూడా. అప్పటికి గోడ గడియారంలో ఆరూ పది. నా డ్యూటీ ఆరింటికి.

మాది మంచినీటి సరఫరా శాఖ. ఊరికి తూర్పున దిబ్బ మీద ఉన్న పెద్ద ట్యాంకు దగ్గర ఆరుగురం పనిచేసేవాళ్లం, షిఫ్టుకి ఒకరు చొప్పున. అందరిలో పెద్దవాణ్ణి నేను. హాజరు పట్టీ నా చేతిలోనే ఉండేది. డ్యూటీలో ఉన్న మనిషి గంటకోసారి నలభై ఒక్క ఇనప మెట్లు ఎక్కి, ట్యాంకు గోడకి బిగించిన కొలబద్ద మీద ముల్లు ఎక్కడుందో చూసి దిగాలి. గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును బట్టి క్లోరిన్ ఎంతుందో తేల్చాలి. ఆ రెండు అంకెల్నీ రిజిస్టరులో ఆ గంట గడిలో రాయాలి. రోజుకి ఇరవై నాలుగు గడులు. అంతే ఉద్యోగం. కడుపులో చల్ల కదలకుండా ముప్పై ఏళ్లు చేశాను.

రాత్రి పదింటి నుంచి తెల్లవారి ఆరింటి దాకా ఉండే అతన్ని అందరం దొర అనేవాళ్లం. ఆ పేరు అతను తనకి తానే పెట్టుకున్నది. రాత్రంతా ఊరు మొత్తం తన కాళ్ల కింద పడుకుని ఉంటుంది కాబట్టి తాను దొరనట. రాత్రి షిఫ్టు అడిగి మరీ వేయించుకునేవాడు. అతని భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. పగలు ఆ మిషను చప్పుడు వింటే తప్ప తనకి నిద్ర పట్టదని, అది ఆగితే మెలకువ వచ్చేస్తుందని చెప్పేవాడు. నేను డిగ్రీ చదివానని నన్ను మాస్టారు అనడం మొదలుపెట్టిందీ అతనే. మిగతా వాళ్లకి అదే అలవాటైంది.

ఆ ఉదయం ఆరూ పదికి నేను ఇంట్లో కూర్చుని గుడ్డు ఒలుచుకోవడానికి మా ట్యాంకు దగ్గరున్న ఒక పద్ధతి కారణం. దాన్ని మేం ముందు గడి అనేవాళ్లం. డ్యూటీ దిగేవాళ్లు, ఎక్కేవాళ్ల మొదటి గడి కూడా నింపేసి వెళ్లడం. ఆ పద్ధతి ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. అది నా వల్ల వచ్చింది.

నాలుగేళ్ల కిందట జూన్‌లో నా భార్య పూర్తిగా మంచాన పడింది. తెల్లవారి ఐదు నుంచి ఆరున్నర దాకా ఆమెకి నా రెండు చేతులూ కావలసి వచ్చేవి. ఒళ్లు తుడవాలి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, చెంచాతో పాలు పట్టాలి. పగటి పూట చూసుకోవడానికి వచ్చే పొరుగింటావిడ ఆరున్నరకి గాని రాలేకపోయేది. మొదటి రోజు నేను ఏడింటికి రొప్పుతూ దిబ్బ ఎక్కేసరికి దొర ఇంకా అక్కడే ఉన్నాడు. ఆరు గంటల గడి నింపి ఉంది. మెట్లెక్కి, చూసి, రాశాడు. నేను ఏదో చెప్పబోతుంటే, బస్సు ఎలాగూ పోయింది, రేపూ పోతుందిలెండి అన్నాడు. ఆ నెలంతా అతని బస్సు పోతూనే ఉంది. ఎనిమిదింటి దాకా ఇంకో బస్సు లేదు. రాత్రంతా మేలుకున్న మనిషి ఇంటికి నడిచి వెళ్లేవాడు. ఒక్క రోజూ దాని గురించి మాట్లాడలేదు. ఆ నెలలో ఆరు గంటల గడిలో ఉన్న అంకెలన్నీ నిజమైనవే.

జూలై రెండున ఆమె పోయింది. పదిహేను రోజుల తరవాత నేను పనిలోకి వచ్చాను. ఇక ఆరింటికి రాకపోవడానికి నాకు ఏ కారణమూ లేదు. అయినా రాలేకపోయాను. ఆమె ఉన్నన్నాళ్లూ ఆమె కోసం ఆలస్యమైంది. ఆమె పోయాక ఎవరి కోసమూ కాకుండానే ఆలస్యం చేయడం అలవాటైంది. ఉదయం పూట కుర్చీలోంచి లేవబుద్ధి అయ్యేది కాదు. దొర మాత్రం ఆగుతూనే ఉన్నాడు. అతన్ని ఆపుతున్నానన్న మొహమాటం పెరిగి, ఒక రోజు నేనే అన్నాను.

"నువ్వు ఆగకయ్యా దొరా. ఐదింటి అంకె చూసుకుని ఆరింటిది కూడా రాసేసి బస్సెక్కు. గంటలో నీళ్లు ఎక్కడికి పోతాయి?"

అతను కాసేపు తల గోక్కున్నాడు. పెద్దవాణ్ణి నేను చెప్పాను కదా అని రాశాడు. నెల తిరిగేసరికి ఆరుగురికీ అదే దారి అయింది. మాలో ఒకామె ఉంది, అందరికీ చిన్నక్క. ఉదయం షిఫ్టు పడ్డ రోజున ఇద్దరు పిల్లల్ని ఆరున్నరకి బడి బండి ఎక్కించి గాని రాలేకపోయేది. మరొకాయనకి మోకాళ్ల నొప్పులు, దిబ్బ ఎక్కడానికి అరగంట పట్టేది. ముందు గడి అందరికీ కాస్త ఊపిరి పీల్చుకునే వీలిచ్చింది. తప్పు రాస్తున్నామని ఎవరమూ అనుకోలేదు. ఒకరికొకరం సాయపడుతున్నామనుకున్నాం.

పద్నాలుగో తేదీన ఐదింటికి ట్యాంకులో నాలుగు మీటర్ల పైన నీళ్లున్నాయి. దొర ఆరు గంటల గడిలో నాలుగు అని రాసి, ఆరు కావడానికి పది నిమిషాల ముందు గేటు వేసి బస్సుకి వెళ్లిపోయాడు. దాదాపు అదే సమయంలో దిబ్బ కింద పెద్ద పైపు పగిలింది. నేను ఏడుకి పది నిమిషాలుండగా చేరాను. రిజిస్టరు చూసి సంతకం పెట్టి, మొహం కడుక్కుని, ఏడింటి అంకె కోసం మెట్లెక్కాను. ముల్లు అర మీటరు దగ్గర ఉంది. నేను చూస్తుండగానే ఇంకా కిందికి జారుతోంది. వాల్వు బిగించేసరికి ట్యాంకు అడుగున బురద తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ రోజు సాయంత్రం దాకా తూర్పు వీధులన్నిటికీ నీళ్లు లేవు. కాన్పుల ఆసుపత్రికి డబ్బాలతో మోశారు. ఆరింటికి ఎవరో ఒకరు మెట్లెక్కి ఉంటే వాల్వు అప్పుడే కట్టేసేవాళ్లం, సగానికి పైగా నీళ్లు నిలిచేవి. ఇది లెక్క తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. తొమ్మిదింటికి వచ్చిన ఇంజినీరుకీ అర్థమైంది. ఆయన ఆరు గంటల గడి మీద వేలు పెట్టి ఇది ఎవరి రాత అని అడిగాడు. దొర రాసే నాలుగుకి తల మూతపడదు, కాళ్లు పైకి పెట్టిన కుర్చీలా ఉంటుంది. దాచడానికి వీల్లేదు. రాత్రి డ్యూటీ అతనిదని చెప్పాను.

"మీరు ఆరింటికొచ్చారు, రాసుంది కదా అని నమ్మేశారు. అంతేనా పెద్దాయనా?" అన్నాడు ఇంజినీరు.

నేను తల ఊపాను.

ఆ ప్రశ్నలో దురుద్దేశమేమీ లేదు. ముప్పై ఏళ్లుగా మచ్చలేని మనిషి కదా, ఇంకోలా ఎందుకుంటుందనుకున్నాడు. నేను ఒక్క మాట కూడా అబద్ధం ఆడలేదని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. మూడో రోజున టైపు చేసిన కాగితం వచ్చింది. "ఉదయం ఆరు గంటలకు విధులకు హాజరైన నేను" అని మొదలైంది. దాని కింద సంతకం పెట్టాను. అప్పటికి నాకు రిటైర్మెంటు ఎనిమిది నెలలుంది.

దొరని ఆ వారమే సస్పెండు చేశారు. విచారణలో అతన్ని అడిగిన ప్రతిదానికీ, రాసింది నేనేనండీ అన్న ఒక్క మాటే చెప్పాడట. జూన్‌లో ఉద్యోగం నుంచి తొలగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. నలభై ఐదు రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని చివరి పేరాలో ఉంది.

ఆ ఉత్తర్వును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని అతను ఒక ఆదివారం మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నవ్వుతూ, "ప్రేమలేఖ వచ్చింది మాస్టారూ" అన్నాడు. పందొమ్మిదేళ్ల సర్వీసు అతనిది. కాస్త చిక్కాడు. పగలంతా ఏదో పార్శిలు గోదాములో పెట్టెలు దించే పని చేస్తున్నాడు. అప్పీలు నన్నే రాసిపెట్టమన్నాడు. రాయకూడని చోట తాను రాశాడట, రాయవలసిన చోట నేను రాయాలట. అప్పీలు వినేటప్పుడు తోడుగా ఒక తోటి ఉద్యోగిని తీసుకెళ్లవచ్చని నిబంధన ఉంది, నన్నే రమ్మన్నాడు.

అతను నా మొహంలోకి చూసినప్పుడల్లా అందులో ఏముందోనని వెతికాను. ఏమీ కనిపించలేదు. నేను ఆ రోజు ఎన్నింటికి వచ్చానో అతనికి తెలుసు, ఎప్పుడూ వచ్చే వేళే కదా. అది అడగలేదు. మూడు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. పైగా కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"ముందు గడి మాట మాత్రం ఎత్తకండి మాస్టారూ. నా ఒక్కడితో పోతుంది. అదెత్తితే చిన్నక్కతో సహా అందరూ ఇరుక్కుంటారు. నా బుద్ధి గడ్డి తిందని రాయండి చాలు."

అలాగే రాశాను. నాలుగు పేజీలు. పందొమ్మిదేళ్ల సేవ, ఒక్క క్షణపు అజాగ్రత్త, భార్య, చదువుకుంటున్న కూతురు. రెండో పేజీలో ఒక వాక్యం చాలా బాగా కుదిరింది. దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాను. నా తప్పుని ఇంకొకడి మీద వేసి, ఆ వేయడంలో భాష ఎంత నున్నగా వచ్చిందా అని మురిసిపోయాను. ఈ కథ అంతటిలో నాకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గు కలిగించేది ఏదని అడిగితే, ఒకప్పుడు ఆ వాక్యమేనని చెప్పేవాణ్ణి. దాన్ని మించింది తరవాత జరిగింది.

ఆగస్టులో ఒక మంగళవారం అప్పీలు విన్నారు. మూడో అంతస్తులో ఇరుకు గది, పొడవాటి బల్ల, గోడకి ఒక చిన్న ఫ్యాను. అప్పీళ్లు వినే అధికారి యాభై దాటిన మనిషి. ఆమెకి జలుబు చేసి ఉంది, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. కాగితాలు ఎగురుతున్నాయని మొదట ఫ్యాను ఆపించింది. కాసేపటికి దొర చొక్కా వీపుకి అంటుకుపోవడం చూసి, కాగితాల మీద తన చేతిసంచీ పెట్టి, ఫ్యాను మళ్లీ వేయించింది. దొర తరఫున నాకు ధైర్యం కలిగింది. నా గురించి నేను భయపడవలసింది కూడా ఇలాంటి మనిషికేనని ఆ క్షణంలో తట్టలేదు.

ఆమె నా నాలుగు పేజీలూ పక్కన పెట్టింది. బల్ల కింద నుంచి మా రిజిస్టర్లే తీసింది. ఒకటి కాదు, ఐదేళ్లవి. విచారణలో ఆ ఒక్క పేజీనే చూశారని, తాను మాత్రం వెనక్కి తిప్పుకుంటూ పోయానని చెప్పింది. ప్రతి షిఫ్టు మొదటి గడీ అంతకు ముందు షిఫ్టు మనిషి చేతిరాతలో ఉందట. నాలుగేళ్ల నుంచి అలాగే ఉందట. అంతకు ముందు లేదట.

"మొదటిసారి నాలుగేళ్ల కిందట జూన్‌లో కనిపించింది," అంది దొరతో. "ఆ నెల, ఆ తరవాత నెల ఆరు గంటల గడి ఒక్కటే. అన్నీ మీ రాతే. మీరు డ్యూటీ సమయానికే దిగిపోతారు, ఇది రాయడం వల్ల మీకేం ఒరిగింది? రాయకుండా వెళ్లినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. రానివాళ్లకి కదా లాభం. ఆ జూన్‌లో ఏం జరిగింది?"

దొర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గుర్తు లేదండీ అన్నాడు.

ఆమె ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"మీరు అక్కడ పెద్దవారు కదా. మీకు గుర్తుందా?"

ఆ జూన్‌లో ప్రతి ఉదయం నాకు గుర్తుంది. నా భార్య ఒళ్లు ఎంత తేలికైపోయిందో, పక్కకి తిప్పినప్పుడు నా మెడ చుట్టూ వేసిన చెయ్యి ఎంతసేపు తీయకుండా ఉంచేదో గుర్తుంది. పాలు వద్దన్నప్పుడు కళ్లు మూసుకునే తీరు గుర్తుంది. ఒక రోజు, నీకు డ్యూటీ లేదా అని అడిగింది. దొర ఉన్నాడులే అన్నాను. అయితే ఇంకాసేపు కూర్చో అంది.

"నాకూ సరిగ్గా గుర్తు లేదు మేడమ్," అన్నాను.

నా గొంతు మామూలుగానే ఉంది. అదే నన్ను భయపెట్టింది.

అధికారి నన్ను కొంచెంసేపు చూసింది. కోపంగా కాదు. డాక్టరు చూసినట్టు. అప్పుడప్పుడు జ్ఞాపకం ఆలస్యంగా వస్తుందని, ఎల్లుండి సాయంత్రం ఐదు దాకా ఫైలు మూయనని, అదనంగా చెప్పుకోవలసింది ఉంటే రాసి ఇవ్వవచ్చని చెప్పింది. ఆ మాటలు దొరతో అంటున్నట్టే అంది.

కిందికి దిగాక దొర టీ తాగుదామన్నాడు. రెండు గ్లాసులు తెచ్చి, పైకి నురగ వచ్చినది నాకిచ్చాడు. "మీరు చెప్పకపోవడమే మంచిదైంది మాస్టారూ," అన్నాడు. "అక్కయ్యగారి జబ్బు విషయం ఆ గదిలో ఎందుకు?"

నాకు కావలసిన సాకు అతనే తెచ్చి చేతికిచ్చాడు. నేను పుచ్చుకున్నాను. ఆ రాత్రీ మర్నాడు పగలూ దాన్నే పట్టుకుని తిరిగాను. చనిపోయిన మనిషి చివరి రోజుల్ని ఫైలుకెక్కించడం ఎంత అన్యాయమో నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను.

బుధవారం సాయంత్రం అప్పీలు నకళ్లు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. దొర ఇంకా గోదాము నుంచి రాలేదు. అతని భార్య మిషను దగ్గర కూర్చుని ఎవరిదో స్కూలు యూనిఫారం కుడుతోంది. నన్ను చూసి లేచి, కుర్చీ మీదున్న గుడ్డ ముక్కలు తీసి కూర్చోమంది. మామూలు వేళల్లో నన్ను చూడగానే నవ్వే మనిషి. ఆ రోజు నవ్వలేదు, అలాగని మొహం చిన్నబుచ్చుకోనూ లేదు. నకళ్లు తీసుకుని అక్కడే నిలబడి మొదటి రెండు పేజీలు చదివింది.

"బాగా రాశారు అన్నయ్యగారూ. తప్పంతా ఈయనదేనని చదివినవాళ్లకి బాగా తెలిసేలా రాశారు."

దొరే అలా రాయమన్నాడని, ముందు గడి సంగతి ఎత్తవద్దన్నాడని ఏదో చెప్పాను. ఆమె అంతా విన్నది. కాగితాలు మడిచి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు మీరు ఎన్నింటికొచ్చారు?"

ఇంజినీరు అడగలేదు. విచారణాధికారి అడగలేదు. దొర అడగలేదు. ఐదు నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె.

"ఏడుకి పది నిమిషాలుండగా," అన్నాను.

"నాకు తెలుసులెండి. ఆ రోజే చెప్పారాయన. మీ నోటి నుంచి ఒకసారి వినాలనిపించింది."

ఆమె లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. గ్లాసు తీసుకోవడానికి నా చెయ్యి లేవలేదు. తల కొట్టేసినట్టయింది. ఆమె గ్లాసు నా పక్కన కిటికీ గట్టు మీద పెట్టి, నన్ను చూడకుండా ఉండటానికే అన్నట్టు మళ్లీ మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. నన్ను నా సిగ్గుతో కాసేపు ఒంటరిగా ఉండనిచ్చింది. ఆ మాత్రం దయకి కూడా నేను తగననిపించింది. నీళ్లు తాగి, చెప్పకుండానే వచ్చేశాను.

గురువారం మధ్యాహ్నం ఒక పేజీ రాశాను. ఈసారి వాక్యాలు సరిగా కుదరలేదు, దిద్దలేదు కూడా. నా భార్య జబ్బు గురించి, ఆ నెల దొర ఏం చేశాడో దాని గురించి, ఆ తరవాత నేను ఏం చెప్పానో దాని గురించి, పద్నాలుగో తేదీన నేను ఏ వేళకి వచ్చానో దాని గురించి. మార్చిలో నేను సంతకం పెట్టిన కాగితం అబద్ధమని చివర రాశాను. నాలుగున్నరకి మూడో అంతస్తు ఎక్కాను.

అధికారి పేజీ రెండుసార్లు చదివింది. రిటైర్మెంటు ఎప్పుడని అడిగింది. మూడు నెలలన్నాను. దీనివల్ల నామీద ఏమేం వస్తుందో తెలుసా అని అడిగింది. కొంత తెలుసన్నాను. మెచ్చుకుంటుందని నేను లోలోపల ఆశపడ్డానన్న సంగతి, మెచ్చుకోనప్పుడు తెలిసింది.

"మార్చిలో ఈ ఒక్క పేజీ ఇచ్చి ఉంటే ఇంత ఫైలు అవసరం ఉండేది కాదు," అంది. అది అని, కాగితం మీద తేదీ ముద్ర వేసింది.

సెప్టెంబరు మొదటి శుక్రవారం ఉత్తర్వు వచ్చింది. తొలగింపు రద్దు. దొర తప్పు రాసిన మాట నిజమే కాబట్టి హెచ్చరిక, కింది పంపు హౌసుకి బదిలీ, ఉదయం షిఫ్టు. అదే రోజు నాకు చార్జిషీటు ఇచ్చారు. అది తేలేదాకా ట్యాంకు దగ్గర పెద్దరికం తీసేసి, పైపుల స్టోరులో కూర్చోమన్నారు. మిగిలిన నలుగురికీ తలా ఒక మెమో ఇచ్చారు. ఇకనుంచి డ్యూటీ ఎక్కే మనిషి వచ్చాక గాని దిగే మనిషి కదలకూడదు. గేటు దగ్గర వేలిముద్ర యంత్రం పెడుతున్నారు.

నా సామాను తీసుకోవడానికి షిఫ్టు మారే వేళకి దిబ్బ ఎక్కినప్పుడు ఎవరూ పలకరించలేదు. మోకాళ్ల నొప్పులాయన నన్ను చూసి రిజిస్టరులోకి తల దూర్చాడు. చిన్నక్క మాత్రం గేటు దాకా వెంట వచ్చింది. చేతిలో మెమో అలాగే ఉంది.

"నాలుగేళ్లూ మీరు పెట్టిన పద్ధతే కదా మాస్టారూ. మీ మనసు తేలికపడింది, సంతోషం. రేపట్నుంచి నా పిల్లల్ని బండి ఎవరెక్కిస్తారు, మీరొస్తారా?"

ఎత్తిపొడుపుకే అంది. కాని స్టోరు తెరిచేది పదింటికి. వస్తానన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి వెనక్కి తిరిగింది. ఆమెకి ఉదయం షిఫ్టు పడ్డ రోజుల్లో ఆరుంబావుకల్లా వాళ్ల వీధిలో ఉంటున్నాను. పిల్లలు నాతో బాగానే మాట్లాడతారు. వాళ్లమ్మ ఇంకా సరిగా మాట్లాడటం లేదు.

ఆ శుక్రవారం సాయంత్రం ఏడున్నరకి దొర ఇంటికి వెళ్లాను. వెళ్లడానికి మొహం చెల్లలేదు. వెళ్లకుండా ఉండటానికీ చెల్లలేదు. ఉత్తర్వు అతనికి మధ్యాహ్నమే అందింది. కూతురు దాన్ని పైకి చదువుతుంటే భార్యాభర్తలిద్దరూ వింటున్నారు. కష్టమైన మాట వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ఆగి తండ్రి వైపు చూస్తోంది. తండ్రికీ తెలియదు. నేను గుమ్మంలో నిలబడి ఒక మాటకి అర్థం చెప్పాను. అప్పుడు గాని నన్ను చూడలేదు.

లోపలికి రమ్మన్నారు. కూర్చున్నాను. నా చార్జిషీటు సంగతి దొరకి అప్పటికే తెలుసు. జవాబు రాసుకోవడానికి ఎన్ని రోజులిచ్చారని అడిగాడు. పదిహేనన్నాను. పంపు హౌసు కబుర్లు కొంచెంసేపు నడిచాయి. అక్కడ మెట్లు లేవట, అన్నీ నేల మీదే ఉంటాయట. పగలు పనిచేసి రాత్రి పడుకోవడం గోదాములో చేరాక కూడా అలవాటు కాలేదట, ఇకనైనా నేర్చుకోవాలట. రాత్రి పూట మిషను కుట్టమంటే పక్కింటివాళ్లు ఊరుకోరని అతని భార్య అంది. అందరం కాస్త నవ్వాం. ఆ నవ్వులో నేను కూడా ఉండటం తప్పుగా తోచి ముందుగా ఆపేశాను.

లేచేటప్పుడు, రోజూ అనుకుంటూ వచ్చిన మాట అన్నాను.

"మార్చిలోనే చెప్పవలసింది దొరా."

అతను ఏదైనా తేలిక మాట అని కొట్టిపారేస్తాడనుకున్నాను. ఇన్నాళ్లూ అదే చేశాడు. ఈసారి అనలేదు. కూతురి చేతిలోంచి ఉత్తర్వు తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు.

"అవును మాస్టారూ," అన్నాడు. "చెప్పాల్సింది."

అతని భార్య తల ఎత్తి అతన్ని చూసింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంకేమీ లేదు, ఆ మాటే. అందులో కోపం లేదు, క్షమాపణ కూడా లేదు. నేను వినవలసిన మాట అది. ఆలస్యంగానైనా నాకు ఇచ్చాడు.

రేపు ఆరింటికి డ్యూటీ, పెందరాళే పడుకోవాలన్నాడు. గుమ్మం దాకా వచ్చాడు. వాళ్ల ఇంటి ముందు రెండు మెట్లు విరిగి ఉన్నాయి, వీధి దీపం లేదు. నేను చెప్పులు వేసుకుని, గోడ పట్టుకుని దిగి, మట్టి దారి దాటి రోడ్డు మీదికి వచ్చేదాకా లోపలి వెలుతురు నా కాళ్ల ముందు పడుతూనే ఉంది. రోడ్డు మీదికి వచ్చాక అది సన్నబడటం మొదలైంది. వెనక్కి తిరిగి చూడలేదు. దొర ఆ రాత్రికి తలుపు వేసుకుంటున్నాడు, మెల్లగా, చప్పుడు కాకుండా.